అప్‌డేట్: కొత్త షెడ్డు కార్మికులకు పాత వేతన ఒప్పందం వర్తిస్తుందా?

భీమవరం దగ్గర మా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటుకు అనుబంధంగా ఆకివీడు వైపు తెరిచిన కొత్త షెడ్డు కార్మికులు మా యూనియన్ ఒప్పందం పరిధిలోకి వస్తారా అని లోగడ అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ముందుగా మేము చూసుకోవలసింది ఒప్పందం కుదిరిన తీరు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 18(1) ప్రకారం యాజమాన్యం, యూనియన్ తమలో తాము కుదుర్చుకున్నది సంతకం చేసిన పక్షాలకే వర్తించేది. రాజీ అధికారి (వివాదాల్లో మధ్యవర్తిత్వం చేసే ప్రభుత్వ అధికారి) ఎదుట రాజీ ప్రక్రియలో కుదిరినదైతే సెక్షన్ 18(3) కింద ఆ సంస్థలో అప్పటికి ఉన్నవారికే కాక తరువాత చేరేవారికి కూడా వర్తించేది. అదృష్టవశాత్తు మాది రెండవ రకం.

ఇక మిగిలింది కొత్త షెడ్డు అదే 'సంస్థ' అవుతుందా అన్న ప్రశ్న. చాయిబాసా సిమెంటు కర్మాగారం, దాని సున్నపురాయి గని ఒకే సంస్థ అని 1959లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మాకు దారి చూపింది. యాజమాన్యం, అజమాయిషీ, ఆర్థిక వ్యవహారాలు, ఉద్యోగ నియామకాలు, పనిలో పరస్పర ఆధారం, దూరం అన్నీ కలిపి చూడాలే తప్ప ఏ ఒక్కటీ నిర్ణాయకం కాదు. ఫ్యాక్టరీ లైసెన్సు వేరని యాజమాన్యం పట్టుబట్టింది. అయితే తలలు తీసిన రొయ్య పాత ప్లాంటు నుంచే వస్తుందని, మనుషులను అటూ ఇటూ బదిలీ చేస్తున్నారని మస్టర్లతో (హాజరు పట్టీలతో) చూపాము.

పర్మనెంటు కార్మికుల వరకు యాజమాన్యం గత వారం ఒప్పుకుంది. కాంట్రాక్టరు కింద పనిచేసే ఆడవాళ్ల సంగతి (నిజానికి షెడ్డులో ఎక్కువమంది వారే) ఇంకా తేలలేదు.