‘వెలయంగా’నా, ‘వెలయంగను’నా?

అరసున్న: పాముకు తలలో, తేలుకు తోకలో, ఖలుడికి ఒళ్ళంతా విషమనే సుమతి పద్యం రెండో పాదం ‘వెలయంగా తోక నుండు’ అనా, ‘వెలయంగను’ అనా? సూడోమోనాస్ బ్యాక్టీరియా మీద వ్యాసానికి ‘ఖలునకు నిలువెల్ల విషము’ అని శీర్షిక పెట్టాను. పద్యమంతా ఇవ్వాలి.

ద్రుతాంతం: గణాలు రెంటికీ కుదురుతాయి. ‘గాతో’ గగం (రెండు గురువులు), ‘గనుతో’ సగణం (రెండు లఘువులు, ఒక గురువు). ఆరో గణం ‘కనుండు’ కందం ఒప్పుకునే జగణమే. అసలు తప్పు ‘తో’ది. ద్రుతం (చివరి నకారం) మీద పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) కావాలి: ‘వెలయంగాఁ దోక’.

సూదిమొన: ముందు శీర్షిక చూడండి. నిలువెల్లా ఉండేది ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా బయటి పొరలోని కొవ్వుభాగం, లిపిడ్-ఎ. ఎక్సో-యు అనే సూడోమోనాస్ విషప్రోటీన్ అలా కాదు, టైప్-3 స్రావవ్యవస్థ (ప్రోటీన్లను బయటికి పంపే యంత్రం) సూదిలోంచి నేరుగా మన కణంలోకి దిగుతుంది. సూది బోలు రెండు, రెండున్నర నానోమీటర్లే. ప్రోటీన్ మడత విప్పుకోనిదే దూరదు. అది తేలుకొండి.

ద్రుతాంతం: కొండికన్నా కోర నయం. చాణక్యనీతిలో పాముకు విషం ‘దంతే’. తెలుగులో దాన్ని తలకెక్కించింది ‘ల’ ప్రాసే!

మడతపేజీ: తోకంటే టైప్-6 స్రావవ్యవస్థ అండీ. ఫేజ్ (బ్యాక్టీరియాను పట్టే వైరస్) తోకను తిరగేసి లోపల బిగించినట్టుంటుంది. తొడుగు ముడుచుకుని ములుకును పక్క బ్యాక్టీరియాలో దింపుతుంది. కలరా విబ్రియో అలా చంపి, చిందిన డీఎన్ఏను లాక్కుంటుంది. అందులో మందుకు లొంగని జన్యువుంటే అదీ దక్కినట్టే. అసినెటోబాక్టర్ బౌమానియైలో తిరకాసుంది: కొన్ని రకాల్లో నిరోధక జన్యువులు మోసే ప్లాస్మిడే (విడి డీఎన్ఏ వలయమే) టైప్-6ను అణిచి ఉంచుతుంది. ప్లాస్మిడ్ జారిపోతే తోక లేస్తుంది, ఆ నిరోధం పోతుంది.

అరసున్న: మరి ఈ-కోలై బయటి పొరలోని టోల్-సి గొట్టం? హిమోలైసిన్ విషం బయటపడేదీ, అక్ర్-ఏబీ పంపు మందును కక్కేదీ ఆ గొట్టంలోంచే. తలా, తోకా?

సూదిమొన: నోరు. బ్లాట్ (ప్రోటీన్లను గీతలుగా చూపే పరీక్ష) బొమ్మ పెడితే మాత్రం జాగ్రత్త. 5 మిల్లీమోలార్ ఈజీటీఏతో కాల్షియం తగ్గించి టైప్-3ని రేపాక, కణాలు తీసేసిన పైద్రవం, అంటే సూపర్నేటెంట్‌లో కణం లోపలే ఉండాల్సిన ఆర్ఎన్ఏ పాలిమరేజ్ గీత కూడా కనబడితే కణాలు పగిలాయన్నమాట. దాన్ని స్రావం అనకూడదు.

ద్రుతాంతం: చాణక్యనీతిలోని ‘సర్వాంగే’కి (ఒళ్ళంతా) ‘ఖలునకు నొడలెల్ల’ అన్నా గణం, యతి చెడవు. కవి ‘నిలువు’నే ఎందుకు పట్టుకున్నాడంటారు?

మడతపేజీ: మీరు ‘ఒడలు’ అంటే తేలుకు మాత్రం లేదా ఏమిటి?