గోగునార కాంపోజిట్: గ్లాస్ ఫైబర్ బదులు నిజంగా పనికొస్తుందా?

మెక్_ఫైనలియర్:
ప్రాజెక్టుకి గోగునార, ఎపాక్సీ (గట్టిపడే జిగురు) కలిపి కాంపోజిట్ షీట్లు చేసి బలం పరీక్షిద్దామనుకుంటున్నాం. మాది విజయనగరం వైపు, నారకి ఇబ్బంది లేదు. గైడ్ గారేమో ఇలాంటి పేపర్లు వందలున్నాయి, కొత్తేముంది అంటున్నారు. బరువు తగ్గుతుంది, పర్యావరణానికి మంచిది అని రాస్తే చాలదా? 3డి ప్రింటింగ్ కూడా కలపమంటున్నాడు ఫ్రెండ్.

ప్రెస్‌షాప్:
మీ గైడ్ గారు అన్నది నిజమే. టెన్సైల్ స్ట్రెంగ్త్‌లో (లాగితే తెగకుండా ఉండే బలంలో) గ్లాస్ ఫైబర్‌తో పోటీకి దిగితే ఓడిపోతారు, దాని జోలికి వెళ్లకండి. గ్లాస్ ఫైబర్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 2.5 గ్రాముల పైనే, గోగునారది 1.4 చుట్టుపక్కల. డోర్ ప్యానెల్ లాంటి దానికి కావాల్సింది వంగకుండా ఉండటం, మందం రెట్టింపైతే ఆ బిగువు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి తేలిక మెటీరియల్‌తో కాస్త మందంగా చేసినా మొత్తం బరువు తక్కువే వస్తుంది. 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 డోర్ల లోపలి ప్యానెళ్లలో కెనాఫ్ వాడారు, అది మన గోగే. అదే కారులో ప్రయాణికులు కూర్చునే భాగాన్ని మాత్రం కార్బన్ ఫైబర్‌తో కట్టారు, అక్కడ నార పెట్టలేదు చూడండి.

నారాయణమ్మ_మనవడు:
ఎపాక్సీ పోసి పర్యావరణం అంటే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ఒకసారి గట్టిపడ్డాక అది మళ్లీ కరగదు. దాని బదులు పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ చూడండి, అది కూడా పెట్రోలియం సరుకే గానీ కరిగించి మళ్లీ వాడొచ్చు, పైగా 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నార 200 దాటితే మాడటం మొదలుపెడుతుంది, అందుకే 260 దగ్గర కరిగే నైలాన్ 66తో కుదరదు. ఇంకోటి, ప్రెస్‌లో (వేడిచేసి నొక్కే యంత్రంలో) పెట్టే ముందు నారని ఓవెన్‌లో బాగా ఆరబెట్టండి, లేకపోతే తేమ ఆవిరై షీటు నిండా బుడగలే. నారకీ పాలీప్రొపిలీన్‌కీ మామూలుగా పొత్తు కుదరదు, మాలియిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం కలిపిన పాలీప్రొపిలీన్ కొద్దిగా వేస్తే పట్టు వస్తుంది.

శ్రీకాకుళం_చేను:
3డి ప్రింటింగ్ వదిలేయండి బాబూ. 0.4 మిల్లీమీటర్ల నాజిల్లోంచి పోవాలంటే నారని పొడి చేయాలి, పొడి చేశాక అది నార పని ఏం చేస్తుంది? కొత్తదనం కావాలంటే ఊరబెట్టడం మీద చూడండి. కట్టలు చెరువులో తక్కువ రోజులుంటే బెరడు వదలదు, ఎక్కువైతే నార కుళ్లుతుంది, ఆ తేడా షీటు బలంలో ఎంత కనిపిస్తుందో కొలవండి. నార మాత్రం ఒకే చేనుది తీసుకోండి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానంలో గోగు రకాల మీద పనిచేస్తారు, వెళ్లి అడగండి. నారని కాస్టిక్ సోడాతో కడిగితే ఆ నీళ్ల లెక్క కూడా రాయాలి, అది ఎవరూ రాయరు.

మెక్_ఫైనలియర్:
ఊరబెట్టడం ఐడియా బావుంది, గైడ్ గారితో మాట్లాడతా. ల్యాబ్‌లో హాట్ ప్రెస్ ఉంది గానీ పాలీప్రొపిలీన్ గుళికలే ఉన్నాయి, నారలోకి ఎలా ఎక్కించాలి?

ప్రెస్‌షాప్:
ముందు గుళికల్నే ప్రెస్‌లో పలచటి షీట్లుగా చేసుకోండి. షీటు, నార, షీటు, నార అలా పేర్చి 180 దగ్గర నొక్కండి. ఒత్తిడి ఉండగానే చల్లారనివ్వాలి, తొందరపడి తీస్తే వంకర పోతుంది.