ఇద్దరికి కీ కుదురుతోంది, మూడో ఫోన్ చేరగానే తేడా కొడుతోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఎంసీఏ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా గ్రూప్ చాట్ యాప్ రాస్తున్నాను. సర్వర్ మెసేజ్‌లు చేరవేయాలి గానీ వాటిని చదవగలిగే వీలు దానికి ఉండకూడదు. అందుకని సభ్యుల ఫోన్లే డిఫీ–హెల్మన్ పద్ధతిలో (ఎవరి రహస్య సంఖ్య వాళ్ల దగ్గరే ఉంచుకుని, దాంతో లెక్కవేసిన సంఖ్యలను మాత్రమే మార్చుకునే పద్ధతి) ఒక ఉమ్మడి కీ, అంటే మెసేజ్‌లకు తాళం వేసే రహస్య సంఖ్య, కుదుర్చుకునేలా పెట్టాను. ఈ గుప్తీకరణ లెక్కలకు వాడే లైబ్రరీ లిబ్‌సోడియం. రెండు ఫోన్ల మధ్య చక్కగా నడుస్తోంది. మూడోది చేరగానే మూడింటికీ మూడు వేరే కీలు వస్తున్నాయి. మూడు రోజులుగా ఇదే పని. వచ్చే వారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, కోడ్ కాసేపు పక్కన పెట్టి కాగితం, పెన్ను తీసుకో. ఆధార సంఖ్య 5, లెక్కంతా 23తో భాగించగా వచ్చే శేషాల్లో. మూడు ఫోన్ల రహస్య సంఖ్యలు 6, 15, 13 అనుకుందాం.

5ను 6వ ఘాతానికి పెంచితే శేషం 8. మొదటి ఫోన్ ఆ 8ని రెండోదానికి పంపుతుంది. రెండో ఫోన్ మూడోదానికి మూడు అంకెలు ఇస్తుంది: వచ్చిన 8, తన సొంత 19, ఆ 8ని తన 15వ ఘాతానికి పెంచగా వచ్చిన 2. మూడో ఫోన్ ఈ 2ను 13వ ఘాతానికి పెంచితే 4 వస్తుంది. గ్రూప్ కీ అదే, దాన్ని ఎవరికీ పంపదు. 19ని తన 13తో పెంచి 7 చేసి మొదటి ఫోన్‌కీ, 8ని అలాగే పెంచి 18 చేసి రెండో ఫోన్‌కీ పంపుతుంది. 7ను 6వ ఘాతానికి పెంచి చూడు, 4. 18ని 15వ ఘాతానికి పెంచి చూడు, అదీ 4.

మధ్యలో తిరిగే అంకెలు ఏ మార్పూ లేకుండా పచ్చిగా వెళ్తేనే ఈ లెక్క కలుస్తుంది. నువ్వు ప్రతి మెట్టులోనూ లిబ్‌సోడియంలోని క్రిప్టో_బాక్స్_బిఫోర్‌ఎన్ఎం ఫంక్షన్‌ని పిలుస్తున్నావేమో చూసుకో. అది ఫలితాన్ని హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేనట్టు కలగలిపి ఇస్తుంది. ఇద్దరే ఉంటే ఇద్దరూ ఒకే హ్యాష్ దగ్గరికి వస్తారు కాబట్టి బయటపడదు. మూడో ఫోన్ ఆ హ్యాష్‌ని తీసుకుని మళ్లీ లెక్క వేస్తే మిగతావాళ్లతో ఎలా కలుస్తుంది? మధ్య మెట్లకు ఫలితాన్ని పచ్చిగానే ఇచ్చే క్రిప్టో_స్కేలార్‌మల్ట్ వాడు, హ్యాష్ చివర్లో ఒక్కసారే చెయ్యి. ఆ ఫంక్షన్ మైనస్ 1 తిరిగిస్తే అక్కడికక్కడే ఆపెయ్యి, ఆ ఫలితం వాడకు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, సరిగ్గా అదే! మార్చగానే మూడు ఫోన్లకూ ఒకే కీ వచ్చింది. ఐదింటితోనూ చూశాను. కానీ అన్నీ ఒకే వైఫైలో ఉంటేనే. ఒక ఫ్రెండ్ మొబైల్ డేటాకి మారితే పదిసార్లలో రెండు మూడుసార్లు తప్పుతోంది.

జవాబు:
జవాబు ఆలస్యమైతే నీ యాప్ మళ్లీ పంపుతుంది కదా, అప్పుడు కొత్త రహస్య సంఖ్య పుట్టిస్తోందా? అయితే పాత సంఖ్యతో సగం దూరం వెళ్లిన లెక్క ఒకటి, కొత్తదానితో బయల్దేరింది ఇంకొకటి, రెండూ దారిలో కలిసిపోతున్నాయి. కీ కుదుర్చుకునే ఒక్కో ప్రయత్నాన్ని ఒక విడత అనుకో; ఆ విడత పూర్తయ్యేదాకా అదే సంఖ్య ఉంచు. ప్రతి మెసేజ్‌కీ విడత నంబరు, ఆ విడతలో ఉన్న సభ్యుల జాబితా జోడించు. నంబరు గానీ జాబితా గానీ కలవకపోతే మెసేజ్ పారెయ్యి. ఎవరెవరు, ఏ విడతలో ఉన్నారో అన్ని ఫోన్లూ ఒకే మాట మీద ఉండాలి. ఈ పనిలో అసలు కష్టం అదే, గణితం కాదు.

ఇంకొకరి జవాబు:
మెసేజింగ్ సర్వర్ల మీద పనిచేస్తాను కాబట్టి ఒక మాట. పై లెక్కలో రెండో ఫోన్ పంపిన 2ను మళ్లీ చూడండి. మొదటి రెండు ఫోన్లూ ఇద్దరే చాట్ చేసుకున్నప్పుడు వాళ్ల కీ దేని నుంచి వచ్చింది? ఆ 2 నుంచే. మూడో మనిషి చేరినప్పుడు మీరు పాత రహస్య సంఖ్యలే కొనసాగిస్తే, ఆ 2 ఇప్పుడు నెట్‌వర్క్‌లో బాహాటంగా వెళ్తుంది. పాత మెసేజ్‌లు దాచిపెట్టుకున్న సర్వర్ దాన్ని హ్యాష్ చేసి అన్నీ చదివేస్తుంది. పరీక్షల్లో ఇది ఎక్కడా కనబడదు, యాప్ అద్భుతంగా నడుస్తూనే ఉంటుంది. అందుకే నాకు దీని గురించి భయం. ఎవరు చేరినా, ఎవరు వెళ్లినా అందరూ కొత్త సంఖ్యలు తీసుకుని మొదటి నుంచి చేయండి. ఐదుగురికి నాలుగు మెసేజ్‌లు, చివర అందరికీ ఒకటి. పెద్ద భారమేమీ కాదు.

ఇంకొకటి, మెసేజ్ పంపింది ఎవరో నిరూపించే డిజిటల్ సంతకాలు ఉన్నాయా? లేకపోతే సర్వరే మధ్యలో కూర్చుని ఒక్కొక్కరితో విడిగా కీ కుదుర్చుకోగలదు. ఒక్కో సభ్యుడికి ఈడీ25519 అనే పద్ధతిలో సంతకం కీ ఇవ్వండి. విడత నంబరు, సభ్యుల జాబితా కూడా ఆ సంతకం కిందకి రావాలి. ఆ సంతకం కీల ఫింగర్‌ప్రింట్లు (కీ నుంచి తీసిన చిన్న గుర్తింపు అంకెలు, వేలిముద్రలు కావు) ఎదురుబొదురుగా కూర్చుని గానీ ఫోన్‌లో చదివి గానీ సరిచూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, ఆ 2 సంగతి చదివి ఒక్కసారి గుండె ఆగినంత పనైంది. పాత సంఖ్యలే వాడుతున్నాను. ఇప్పుడే మారుస్తున్నాను. ఇదే పద్ధతి వెయ్యి మందికి పనికొస్తుందా?

ఇంకొకరి జవాబు:
రాదు. లెక్క ఒకరి తర్వాత ఒకరి మీదుగా నడుస్తుంది. ఒక్క ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా వెయ్యి మందీ ఆగిపోతారు. డిఫీ, హెల్మన్ ఇద్దరి పద్ధతిని 1976లో ప్రచురించారు. మీరు రాసిన ఈ గుంపు రూపాన్ని స్టైనర్, సుడిక్, వైడ్‌నర్ 1996లో ఇచ్చారు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. నిజంగా జనం చేతికి ఇచ్చే యాప్‌కైతే 2023లో ఆర్‌ఎఫ్‌సీ 9420 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన ఎంఎల్‌ఎస్ (మెసేజింగ్ లేయర్ సెక్యూరిటీ, గ్రూప్ చాట్ కీల పద్ధతి) వాడండి. అందులో సభ్యులు చెట్టు ఆకుల్లా ఉంటారు. ఒకరు కీ మార్చితే ఆ ఆకు నుంచి వేరుదాకా ఉన్న దారి ఒక్కటే మారుతుంది. చెట్టు నిండుగా ఉంటే వెయ్యి మందికి సుమారు పది మెట్లు. చేరబోయేవాళ్ల కీ ప్యాకేజీలు (వాళ్లను చేర్చుకోవడానికి కావలసిన బహిరంగ కీలు) ముందే సర్వర్‌లో ఉంటాయి, కాబట్టి వాళ్లు ఆ క్షణంలో ఆన్‌లైన్‌లో ఉండనక్కర్లేదు. రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో దీనికి ఓపెన్‌ఎంఎల్‌ఎస్ అనే లైబ్రరీ ఉంది, చూడండి.

రివ్యూకి మాత్రం ఇప్పుడున్నదే పెట్టండి. మొబైల్ డేటాకి మారిన ఆ ఫోన్‌ను కూడా తీసుకెళ్లి, విడత మధ్యలో నెట్ ఆపి చూపించండి. కీలు కలిశాయో లేదో చూడటానికి లాగ్‌లో కీ మొత్తం ముద్రిస్తుంటే ఇప్పుడే తీసేయండి, దాని హ్యాష్‌లో మొదటి నాలుగు బైట్లు చాలు.