గూబ గుయ్‌మంది అంటున్నాం సరే, ఆ గూబ ఎక్కడుంది?

తెనాలి సభ్యురాలు:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్సు నోటుబుక్కులో చెవి బొమ్మ వేసి భాగాల పేర్లు రాసుకుంటోంది. చెవిడొప్ప, శ్రవణ కుల్య, కర్ణభేరి, కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అన్నీ అయ్యాక నా వైపు తిరిగి "అమ్మా, నువ్వు రోజూ గూబ పగులుద్ది అంటావు గదా, అది ఇందులో ఏది?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. నేను గూబంటే చెంపే అనుకుంటూ వచ్చాను. మా అత్తగారేమో చలికాలం వస్తే "గూబలు కప్పుకుని వెళ్లండి" అంటారు. ఆ లెక్కన చెవి కావాలి. ఎవరైనా తేల్చి చెప్పండి.

విజయనగరం సభ్యుడు:
మా వైపు చెంపదెబ్బ వేరు, గూబమీద దెబ్బ వేరు అండీ. చెంప చెళ్లుమంటాది. గూబ గుయ్‌మంటాది. చెంప గుయ్‌మందని ఎవరైనా అనగా నేనైతే వినలేదు.

రాజమండ్రి సభ్యుడు:
విజయనగరం సోదరుడి మాటలోనే జవాబుంది. చెళ్లుమనేది పక్కనున్నవాళ్లకు కూడా వినిపించే చప్పుడు. గుయ్‌మనేది మాత్రం దెబ్బ తిన్నవాడికి ఒక్కడికే వినిపిస్తుంది. అంటే ఆ చప్పుడు పుట్టింది చెవిలోనే. కాబట్టి గూబ చెంప కాదు. నేను వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను, వచ్చినవాళ్లు ఈ మాటలన్నీ నా ఎదుట కూర్చుని వాడతారు. అందుకని కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

అరచేయి బల్లపరుపుగా చెవిమీద పడిందనుకోండి. చెవి దారి పెద్దవాళ్లలో సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవుంటుంది. బయటి కొస తెరిచి ఉంటుంది, లోపలి కొసను కర్ణభేరి మూసి ఉంచుతుంది. అరచేయి బయటి కొసను కూడా మూసేసరికి మధ్యలో చిక్కుకున్న గాలికి పోవడానికి చోటు లేదు. ఆ ఒత్తిడంతా కర్ణభేరి మీద పడుతుంది. కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతు. మూడు పొరలుగా ఉన్నా మొత్తం మందం అంతే. దెబ్బ చిన్నదైతే లోపలికి అణిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. గట్టిదైతే చిరుగుతుంది. చిరిగితే చురుక్కుమని నొప్పి, ఒక్కోసారి రక్తపు చార, ఆపైన వినికిడి మందగించి లోపల ఒకటే హోరు. మనవాళ్లు గుయ్ అన్నది ఈ హోరునే. చిన్న చిరుగులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే పూడుకుంటాయి. అప్పటిదాకా చెవిలోకి నీళ్లు పోకూడదు, నూనె అసలే పోయకూడదు. పిల్లల్ని చెవిమీద కొట్టకండి అని నేను ప్రతి తల్లికీ తండ్రికీ చెప్పేది ఇందుకే.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్న. గూబ అనేది బొమ్మలో గీత గీసి చూపించగల ఒక్క భాగం కాదని నా అభిప్రాయం. చెవిడొప్ప నడుమ గుంట ఉంటుంది కదా, అక్కడ మొదలై దారి పొడుగునా కర్ణభేరి దాకా ఉన్న చోటంతా గూబే. మీ అత్తగారు కప్పుకోమన్నదీ, మీరు పగులుద్దన్నదీ ఆ ఒక్కచోటే. పుస్తకం ఈ చోటును మూడు పేర్లుగా విడదీసింది, వాడుక ఒకే పేరు పెట్టుకుంది. ఏ పరికరమూ లేని రోజుల్లో పుట్టిన మాట కదా, వేలికి తగిలినంత మేర, నొప్పి తెలిసినంత మేర దాని హద్దు.

తిరుపతి సభ్యురాలు:
బాగా చెప్పారు సార్. బయటి చెవి సంగతికొస్తే మాకు నగల వల్లే పేర్లు తెలుసు. తమ్మెకు కమ్మలు, పైన అంచుకు బావిలీలు. జూకాలు బరువైతే తమ్మె సాగిపోతుందని మాటీలు తగిలించి జడలోకి లాగి కట్టేవాళ్లు మా అమ్మమ్మవాళ్లు. ఈ మధ్య మా కోడలు పైన అంచుకు కుట్టించుకుంటే వాచి నానా అవస్థ పడింది. మాకు చిన్నప్పుడు తమ్మె కుట్టిస్తే నాలుగు రోజుల్లో మానింది. ఇంకో మాట. లోపల పేరుకునేదాన్ని మేం గుబిలి అంటాం, మా కోడలు గులిమి అంటుంది.

రాజమండ్రి సభ్యుడు:
అమ్మా, గుబిలి, గులిమి రెండూ చెల్లే మాటలే. మా ఇంట్లోనూ రెండూ వినిపిస్తాయి.

తమ్మెకూ పై అంచుకూ తేడా మీ ఇంట్లోనే చూశారు. చెవిడొప్పంతా మృదులాస్థి మీద నిలబడి ఉంటుంది, ఒక్క తమ్మెలోనే అది లేదు. తమ్మెలో ఉన్నది కొవ్వు, మెత్తటి కణజాలం. రక్తం బాగా ఆడుతుంది కనుక త్వరగా మానుతుంది, ఎముకలాంటి ఆసరా లేదు కనుక బరువుకు సాగుతుంది. పై అంచులో మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. దాన్ని అంటిపెట్టుకున్న పలుచని పొర నుంచే దానికి పోషణ అందాలి. అక్కడ చీము పట్టిందంటే ఆ పొర విడిపోయి మృదులాస్థి కరిగిపోతుంది, చెవి ఆకారమే మారిపోతుంది. కోడలిని వాపు పూర్తిగా తగ్గేదాకా డాక్టరుకు చూపించుకుంటూ ఉండమనండి, ఇంట్లో పసుపు రాసి ఊరుకోవద్దు.

గుబిలి మురికి కాదు. చెవి దారిలో బయటి మూడోవంతు మృదులాస్థి, లోపలి రెండువంతులు ఎముక. గుబిలి తయారుచేసే గ్రంథులు ఆ బయటి మూడోవంతులోనే ఉంటాయి. కర్ణభేరి మీది చర్మం మెల్లగా బయటివైపు జరుగుతూ వస్తుంది, ఆ జరుగుడుతో గుబిలి కూడా దానంతటదే బయటికి చేరుతుంది. మనం దూదిపుల్ల పెట్టి దాన్ని వెనక్కి తోస్తాం. పుల్ల పెట్టినప్పుడు కొందరికి దగ్గు రావడం గమనించారా? గొంతుకూ ఊపిరితిత్తులకూ వెళ్లే వేగస్ నాడి కొమ్మ ఒకటి చెవి దారికి కూడా వస్తుంది. దాన్ని తాకితే దగ్గు పుడుతుంది.

సిద్దిపేట సభ్యుడు:
అన్నా నమస్తే. శ్రీశైలం పోతుంటే ఘాటు ఎక్కినంక "చెవులు గడియలు వడ్డయి" అంటది మా అమ్మ. ఉమ్మి మింగితే టప్పుమని తెరుచుకుంటయి. కోస్తా దోస్తులు దీన్నే దిబ్బడ అంటరు. ఇది గూబల అయితదా, ఇంకా లోపటనా?

రాజమండ్రి సభ్యుడు:
తమ్ముడూ, మంచి ప్రశ్న. అది గూబ దాటాక, కర్ణభేరికి అవతల జరుగుతుంది. నడిమి చెవి ఒక చిన్న గాలి గది. దానికి గాలి అందే దారి ఒక్కటే, యూస్టేషియన్ నాళం. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు బార్తొలొమియో యుస్టాకి పేరు మీద అలా పిలుస్తారు. పెద్దవాళ్లలో సుమారు 3.5 సెంటీమీటర్ల పొడవుండి ముక్కు వెనక భాగంలో తెరుచుకుంటుంది. మామూలప్పుడు మూసుకునే ఉంటుంది. మింగినప్పుడు, ఆవులించినప్పుడు అంగిట్లోని ఒక కండరం దాన్ని లాగి తెరుస్తుంది. ఘాటు ఎక్కుతుంటే బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, గదిలోని గాలి మాత్రం పాత ఒత్తిడితోనే ఉండి కర్ణభేరిని బయటికి నెడుతుంది. బిగుసుకున్న కర్ణభేరి సరిగ్గా కదలదు, అందుకే శబ్దాలు దూరంగా వినిపిస్తాయి. మీరు మింగినప్పుడు వినిపించే ఆ టప్పు నాళం తెరుచుకుని రెండు ఒత్తిళ్లూ సమానమైన చప్పుడు.

గడియ పడ్డదనే మాట ఇక్కడ ఎంత సరిపోయిందో చూడండి. దిబ్బడ అలా కాదు, అది మెల్లగా కమ్ముకుని రోజుల తరబడి ఉంటుంది. ముక్కు దిబ్బడ, చెవి దిబ్బడ అని మనవాళ్లు ఒకే మాటతో రెంటినీ జతచేశారు. శరీరంలోనూ ఆ రెండూ జతే. జలుబుతో ముక్కు వెనక భాగం వాచి నాళం మూసుకుంటే నడిమి చెవిలో నీరు చేరుతుంది, అదే దిబ్బడ. తలస్నానం చేశాక గుబిలి నాని ఉబ్బినా దిబ్బడే అంటారు. అది మాత్రం గూబలోదే, పరీక్షించి చూస్తే గానీ తేడా తెలియదు.

పిల్లల్లో ఈ నాళం పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. అందుకని ముక్కులోని జలుబు సులువుగా చెవికి పాకుతుంది. అర్ధరాత్రి బిడ్డ చెవి పట్టుకుని ఏడుస్తుంది, తెల్లారేసరికి "చెవి కారింది, పోటు తగ్గింది" అని ఊపిరి పీల్చుకుంటారు. పోటు తగ్గింది నిజమే. లోపలి చీము కర్ణభేరిని చీల్చుకుని బయటపడింది కనుక తగ్గింది. అప్పుడు వెల్లుల్లి నూనె కాచి పోస్తే ఆ చిల్లు గుండా నేరుగా నడిమి చెవిలోకి పోతుంది.

విజయనగరం సభ్యుడు:
అయితే "చెవులకు చిల్లులు పడేలా" అన్నది కూడా నిజంగా ఉన్నదేనన్నమాట. ఊరేగింపులో డీజే పెడితే మనం అనేది అదే కదా.

రాజమండ్రి సభ్యుడు:
చిల్లు పడటం నిజం, కానీ డీజేకు కాదండీ. పక్కనే బాంబు పేలితే కర్ణభేరి చిరుగుతుంది. డీజే హోరు దెబ్బ ఇంకా లోపల, లోపలి చెవిలో ఉన్న సన్నని రోమకణాల మీద పడుతుంది. చిల్లు పూడుతుంది, ఆ కణాలు ఒకసారి చస్తే మనుషుల్లో మళ్లీ పుట్టవు. స్పీకరు పెట్టెల పక్కన పిల్లల్ని నిలబెట్టకండి.

తెనాలి సభ్యురాలు:
చాలా సంతోషమండీ. మరి కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే ఆ మూడు ఎముకల పేర్లకు అర్థాలేమిటి? మా అమ్మాయి కంఠతా పట్టింది గానీ ఒక్కదానికీ అర్థం తెలియదు. నాకు దాగలి ఒక్కటే తెలుసు, కమ్మరి ఇంటి ముందు చూశాను.

రాజమండ్రి సభ్యుడు:
లాటిన్‌లో ఆ మూడూ వస్తువుల పేర్లే: సుత్తి, దాగలి, గుర్రపు జీనుకు వేలాడే అంకవన్నె. కూటకం మొదటిదానికి సంస్కృతం నుంచి తెచ్చుకున్న పేరు, కూటం అంటే సమ్మెట. ఈ సుత్తి పిడి కర్ణభేరికి అతుక్కుని ఉంటుంది. కర్ణభేరి కదిలితే సుత్తి, సుత్తి కదిలితే దాగలి, దాగలి మూడోదాన్ని నెడుతుంది. అది లోపలి చెవి కిటికీలో బిగించినట్టు కూర్చుని ఉంటుంది.

లోపలి చెవిలో ఉన్నది ద్రవం. గాలిలో వచ్చిన శబ్దం ద్రవాన్ని తాకితే దాదాపు మొత్తం వెనక్కి మళ్లిపోతుంది. ఈ ఎముకల గొలుసు ఆ నష్టాన్ని పూడుస్తుంది. కర్ణభేరిలో కదిలే భాగం ఆ కిటికీకి సుమారు 17 రెట్లు. పెద్ద చోట పడిన బలం చిన్న చోటికి చేరుతుంది, ఎముకల తూకం వల్ల ఇంకా సుమారు 1.3 రెట్లు. రెండూ కలిపి ఒత్తిడి 22 రెట్ల దాకా పెరుగుతుంది.

మూడోదానికి కర్ణాంతరాస్థి అని పేరు పెట్టడం నాకు నచ్చదు. చెవిలోపలి ఎముక అని కదా దాని అర్థం, మూడూ చెవిలోపలివే. సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తు, 3 మిల్లీగ్రాముల బరువుతో శరీరంలోకెల్లా చిన్న ఎముక అది. దాని ఆకారం చెప్పే పేరు ఉండాలి. అంకవన్నె అంటే సరిపోతుంది.

సిద్దిపేట సభ్యుడు:
అంకవన్నె ఇప్పుడు ఎవలకు ఎరుకన్నా? బారాత్‌ల పెండ్లికొడుకు గుర్రం ఎక్కేటప్పుడు కాలు వెట్టేదాన్ని మా దగ్గర రికాబు అంటరు. అది చెప్తే పోరలకు తెలుస్తది.

రాజమండ్రి సభ్యుడు:
రికాబు నాకు తట్టలేదు, అంకవన్నె కంటే అదే మేలు. రెండు సన్నని కాళ్లు, కింద పాదం ఆనే పలక, ఈ ఎముక అచ్చం రికాబే. ఆ పలక అంచుల్లో ఎముక పెరిగి బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది, ఓటోస్క్లిరోసిస్ అంటారు. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉన్నా మనిషికి వినికిడి తగ్గుతూ వస్తుంది. ఆపరేషన్ చేసి దాని స్థానంలో చిన్న పిస్టన్ అమరుస్తారు. అలాంటివాళ్లు వచ్చినప్పుడు ఇకమీదట "మీ చెవిలో రికాబు బిగుసుకుంది" అనే చెప్తాను తమ్ముడూ. అమ్మాయిని మాత్రం పరీక్షలో పుస్తకంలోని పేరే రాయమనండి.