‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ ఉన్న వాక్యంలో ‘హ్యాడ్’ తప్పనిసరా?

పలకాబలపం:
గ్రామర్ పుస్తకాల్లో సూత్రం ఒకటే. గతంలో రెండు పనులు జరిగితే ముందు జరిగినదానికి హ్యాడ్ ప్లస్ వీ3 (క్రియ మూడో రూపం, ‘గో’కి ‘గాన్’ లాగా), తర్వాతిదానికి వీ2 (రెండో రూపం, ‘వెంట్’ లాగా). ఆ లెక్కన ‘ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్ బిఫోర్ ఐ రీచ్డ్ ద స్టేషన్’ అనాలి. ఈమధ్య కొందరు ‘ద ట్రైన్ లెఫ్ట్ బిఫోర్ ఐ రీచ్డ్ ద స్టేషన్’ కూడా రైటే, రోజువారీ మాటల్లో హ్యాడ్ అక్కర్లేదని నేర్పుతున్నారు. నేను ఒప్పుకోను. నేర్చుకునేవాడి చేతికి సూత్రం ఇచ్చి, వెంటనే ‘పాటించకపోయినా పర్లేదు’ అంటే వాడు దేన్ని పట్టుకోవాలి?

సవరణ పెన్సిల్:
పర్లేదనడం కాదండీ, రెండూ ఒప్పే. హ్యాడ్ పని వరుస చెప్పడం. బిఫోర్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్ అనే మాటల్లోనే ఆ వరుస ఉంది. ‘ఆఫ్టర్ షి లాక్డ్ ద డోర్, షి కాల్డ్ ఎ ట్యాక్సీ’ అంటే తాళం ముందా, ఫోన్ ముందా అని ఎవరూ అడగరు. ‘ఆఫ్టర్ షి హ్యాడ్ లాక్డ్’ అన్నా తప్పు లేదు, కాకపోతే చెప్పిందే మళ్ళీ చెప్పినట్టు.

హ్యాడ్ లేకపోతే గడవనిది వెన్ దగ్గర. వెన్‌కి ముందూ వెనకా తెలియదు.

‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్’ అంటే నేను చేరాను, అప్పుడే రైలు కదిలింది.
‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే నేను చేరేసరికే రైలు వెళ్ళిపోయింది.

ఒక్క మాట తీసేస్తే జరిగిన సంగతే మారిపోయింది. బై ద టైమ్ కూడా మామూలుగా మెయిన్ క్లాజ్‌లో (బై ద టైమ్ లేని ముక్కలో) హ్యాడ్ కోరుతుంది: ‘బై ద టైమ్ ద డాక్టర్ కేమ్, ద ఫీవర్ హ్యాడ్ గాన్’. దీన్ని తలకిందులు చేసి ‘బై ద టైమ్ ద డాక్టర్ హ్యాడ్ కమ్, ద ఫీవర్ వెంట్’ అని రాసేవాళ్ళు ఎక్కువ. హ్యాడ్ ఎక్కడో ఒకచోట ఉండాలని గుర్తుంటుంది, ఎక్కడో గుర్తుండదు.

మార్కుల లెక్క:
పరీక్ష రాసేవాళ్ళకి మాత్రం ఒక మాట. ఖాళీ ఇచ్చి, బ్రాకెట్‌లో ‘లీవ్’ అని పెట్టి, పక్కన ‘బిఫోర్ ఐ రీచ్డ్’ ఉంటే వాళ్ళు అడుగుతున్నది హ్యాడ్ లెఫ్టే. అక్కడ వాడుక గురించి వాదన పెట్టుకోవద్దు.

గుర్తుపట్టడానికి చిట్కా కూడా ఉంది. వాక్యాన్ని తెలుగులో అనుకుని మెయిన్ క్లాజ్‌లో ‘అప్పటికే’ పెట్టి చూడండి. అతికితే హ్యాడ్, అతకకపోతే వీ2.

నిలువు గీత:
ఆ చిట్కా పనులకే పనికొస్తుంది, స్థితులకి పనికిరాదు. ‘మేం చేరేసరికి అప్పటికే చీకటిగా ఉంది’ అన్నదానికి ‘ఇట్ వాజ్ ఆల్రెడీ డార్క్’ చాలు, ‘హ్యాడ్ బీన్ డార్క్’ అక్కర్లేదు. ‘బై ద టైమ్ హి వాజ్ టెన్, హి న్యూ ఫోర్ లాంగ్వేజెస్’ కూడా అంతే. బీ, నో, హ్యావ్ లాంటి క్రియలైతే అప్పటికే ఉన్నా వీ2తో సరి.

పలకాబలపం గారూ, మీ సూత్రాన్ని ఈ వాక్యం మీద పెట్టి చూడండి: ‘హి హంగ్ అప్ బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్’. ముందు జరిగింది ఫోన్ పెట్టేయడం, దానికేమో వీ2. నేను చెప్పడం ముగించడం అసలు జరగనే లేదు, హ్యాడ్ దానికి పడింది! వాక్యం నూటికి నూరుపాళ్ళూ ఒప్పే. ఇక్కడ హ్యాడ్ వరుసని కాదు, పని పూర్తికావడాన్ని చెబుతోంది. కాబట్టి సవరణ పెన్సిల్ గారి ‘హ్యాడ్ పని వరుస చెప్పడం’ కూడా సగమే నిజం.

ఇదే తేడా వెన్ క్లాజ్ లోపల కూడా కనిపిస్తుంది. ‘వెన్ షి హ్యాడ్ రిటెన్ ద లెటర్, షి వెంట్ అవుట్’లో హ్యాడ్ తీసేస్తే ఉత్తరం రాస్తూ రాస్తూనే బయటికి నడిచినట్టు ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే రాయడం కొంతసేపు పట్టే పని. అదే చిటికెలో అయ్యే పనైతే లెక్క వేరు. ‘వెన్ ఐ ఓపెన్డ్ ద విండో, ద బర్డ్ ఫ్లూ అవుట్’లో హ్యాడ్ ఓపెన్డ్ అన్నామంటే కిటికీ తెరవడానికీ పిట్ట ఎగిరిపోవడానికీ ఉన్న ముడి తెగిపోతుంది.

గుణింతం:
మీరంతా హ్యాడ్ చుట్టూ తిరుగుతున్నారు గానీ, తెలుగువాళ్ళ రాతలో ఎర్ర సిరా పడేది వేరేచోట. ‘బిఫోర్ హి కమ్స్, ఐ లెఫ్ట్’ అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు, తెలుగు వాక్యం లోపలి నుంచి తన్నుకొస్తుంది. ‘వాడు వచ్చేముందే బయల్దేరాను’, ‘వాడు వచ్చేముందే బయల్దేరతాను’: రెంటిలోనూ ‘వచ్చే’ ఒకటే. వచ్చేసరికి, వచ్చేవరకు కూడా ఇంతే. కాలం చెప్పే బరువంతా చివరి క్రియ మోస్తుంది. ఇంగ్లీషులో ఏ క్రియ బరువు ఆ క్రియే మోసుకోవాలి.

తిరగేసినా ఇదే గొడవ. ‘వాడు వచ్చాక చెప్తాను’లో ‘వచ్చాక’ గతంలా కనిపిస్తుంది. అందుకే ‘ఆఫ్టర్ హి కేమ్, ఐ విల్ టెల్ యూ’ అనేస్తారు. కాబట్టి ముందు తెలుగు వాక్యం చివరి క్రియ చూడాలి. అది గతమైతే టైమ్ క్లాజ్‌లో (బిఫోర్, ఆఫ్టర్ ఉన్న ముక్కలో) క్రియని కూడా గతంలోకి దించాలి. హ్యాడ్ సంగతి ఆ తర్వాత.

ఇంకోటి అన్‌టిల్. ‘ఆమె రానంతవరకు వాడు తినలేదు’ని మక్కీకి మక్కీ దించితే ‘అన్‌టిల్ షి డిడ్ నాట్ కమ్, హి డిడ్ నాట్ ఈట్’ అవుతుంది. ఆ ‘రాని’తనం అన్‌టిల్ కడుపులోనే ఉంది. ‘హి డిడ్ నాట్ ఈట్ అన్‌టిల్ షి కేమ్’ అంటే అయిపోయింది.

సవరణ పెన్సిల్:
గుణింతం గారి మాటకే ఇంకొకటి కలుపుతాను. ‘ఆఫ్టర్ రీచింగ్ హోమ్, ఇట్ స్టార్టెడ్ రెయినింగ్’. ఇల్లు చేరింది ఎవరు? వాక్యం ప్రకారం వానే. ‘ఇంటికి చేరాక వాన మొదలైంది’ తెలుగులో హాయిగా ఉంటుంది, ఎందుకంటే ‘ఆక’ రూపానికి కర్తలు ఇద్దరైనా పర్లేదు. ఆఫ్టర్ ప్లస్ ఐఎన్‌జీ మన ‘తిని, చూసి, వెళ్ళి’ లాంటిది. రెండు పనులకీ కర్త ఒకరే ఉండాలి. కర్తలు వేరైతే ‘ఆఫ్టర్ ఐ రీచ్డ్ హోమ్’ అని విడదీయక తప్పదు.

పలకాబలపం:
‘వానలు కురిసి పంటలు పండాయి’లో కర్తలు ఇద్దరు కదా?

సవరణ పెన్సిల్:
అక్కడ మొదటిది కారణం, రెండోది ఫలితం. అందుకు తెలుగు ఇచ్చే సడలింపు అది. ఆఫ్టర్ ప్లస్ ఐఎన్‌జీకి అదీ లేదు. మాటల్లో దొర్లిపోతుంది, రాతలో పట్టుకుంటారు.

చెవి:
‘ఇంగ్లీషువాళ్ళు హ్యాడ్ వాడరు’ అనే మాటకి ఒక కారణం అది చెవికి ఆనకపోవడం. ఐ హ్యాడ్ అనేది ఐడ్ అయిపోతుంది, హి హ్యాడ్ హీడ్ అవుతుంది. ‘హీడ్ టోల్డ్ మీ’లో ఆ చిన్న డ్ పక్కనున్న ట్‌లో కలిసిపోతుంది, మనకి ‘హి టోల్డ్ మీ’ అనే వినిపిస్తుంది. పైగా వుడ్ కూడా అదే డ్. వెనకాల వీ3 ఉంటే హ్యాడ్ (హీడ్ గాన్), వీ1 ఉంటే వుడ్ (హీడ్ గో). కమ్, రన్ లాంటి క్రియలకి వీ1, వీ3 ఒకటే కాబట్టి అక్కడ సందర్భమే దిక్కు.

పలకాబలపం:
‘బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్’కి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. బిఫోర్, ఆఫ్టర్ దగ్గర హ్యాడ్ లేకపోతే ఇకమీదట తప్పు పెట్టను. కానీ తొలి పాఠంలో సూత్రం ఉండాల్సిందే. సడలింపులు తర్వాత చెప్పుకోవచ్చు.

గుణింతం:
తొలి పాఠంలో వెన్ వాక్యాల జత పెట్టండి, సూత్రం కాదు. రైలు కదిలిందా, వెళ్ళిపోయిందా అన్న తేడా తెలిస్తే హ్యాడ్ ఎందుకో వాడికే తెలుస్తుంది. సూత్రంతో మొదలైనవాళ్ళు గతం అనగానే హ్యాడ్ తగిలించి ‘యెస్టర్డే ఐ హ్యాడ్ గాన్ టు ద బ్యాంక్’ అని ఆపేస్తారు. దేనికంటే ముందు వెళ్ళారో ఆ రెండో పని ఎక్కడా లేదు. వినేవాడు ఇంకా ఏదో చెబుతారని అలాగే చూస్తూ ఉంటాడు.