స్పెషల్ స్కూల్ రిపోర్టులో ఏడాదికి రెండు శాతమే పెరిగింది, బాబు నిజంగా నేర్చుకుంటున్నాడా?

బాబు_అమ్మ_ఖమ్మం

అందరికీ నమస్కారం. మా బాబుకి పదకొండేళ్లు, డౌన్ సిండ్రోమ్. మూడేళ్లుగా స్పెషల్ స్కూల్‌కి వెళ్తున్నాడు. మొన్న ప్రోగ్రెస్ రిపోర్టు ఇచ్చారు. వ్యక్తిగతం 54 శాతం, సామాజికం 48, చదువు 20, పనులు 36. వినోదానికి శాతం కాకుండా గ్రేడ్ ఇచ్చారు. పోయినేడు ఈ శాతాలు 52, 47, 20, 33 ఉన్నాయి. చదువులో ఒక్క అంకె కూడా కదల్లేదు.

ఆ కాగితం చూసి ఇంట్లో అందరూ డీలా పడ్డారు. ఫీజు, ఆటో ఖర్చు పెట్టి పంపడం దండగ అని మా అత్తమ్మ అంటున్నారు. మా ఆయన ఏమీ అనలేదు కానీ రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేశారు. నాకేమో బాబు మారినట్టే అనిపిస్తుంది. ముందు స్నానానికి చేయి పట్టుకుని నేనే అన్నీ విప్పించాలి. ఇప్పుడు "చొక్కా విప్పు నాన్నా" అంటే విప్పుతాడు. మరి అది ఈ అంకెల్లో ఎందుకు రాలేదు? శనివారం మీటింగ్ ఉంది. ఏం అడగాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. స్కూల్ మార్చాలా అని కూడా ఆలోచిస్తున్నాం.

స్పెషల్_టీచర్_గుంటూరు

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. "చొక్కా విప్పు నాన్నా" అంటే విప్పుతున్నాడు అన్నారు కదా, అక్కడి నుంచే చెప్తాను.

మన దగ్గర చాలా స్పెషల్ స్కూళ్లు వాడే చెక్‌లిస్టు ఎఫ్‌ఏసీపీ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, అంటే పాత ఎన్‌ఐఎంహెచ్ తయారు చేసింది. మీరు రాసిన ఐదు విభాగాలు చూస్తే మీ స్కూల్‌ది కూడా అదేలా ఉంది. అందులో ఒక్కో పనికి ఎదురుగా పిల్లవాడు ఏ స్థాయిలో చేస్తున్నాడో గుర్తు వేస్తారు. చేయి పట్టుకుని చేయిస్తే ఒక గుర్తు, నోటితో చెప్తే చేస్తే ఇంకోటి, చిన్న సైగ సరిపోతే మరోటి, ఎవరూ ఏమీ చెప్పకుండా తనే చేస్తే ప్లస్. చాలా చోట్ల శాతం లెక్కేసేటప్పుడు సొంతంగా చేసినవాటినే కూడతారు. మీ వాడు చేయి పట్టి చేయించే దశ నుంచి మాట చెప్తే చేసే దశకి వచ్చాడు. మీకది పెద్ద మార్పు, నాకూ పెద్ద మార్పే, కానీ శాతంలో దాని విలువ సున్నా. రెండు శాతం పెరిగింది అన్న కాగితం వెనక ఇలాంటివి ఎన్ని ఉన్నాయో మొత్తం షీటు చూస్తే గానీ తెలియదు.

కాబట్టి శనివారం మొదట అడగాల్సింది ఆ షీటే. సారాంశం కాగితం కాదు, ఒక్కో అంశం, ఒక్కో మూడు నెలల గడి ఉన్న అసలు పుస్తకం. పోయినేటి గుర్తుల పక్కన ఈ ఏటి గుర్తులు పెట్టి చూడండి. గుర్తు మారినవి ఎన్నో కాగితం మీద రాసుకోండి.

ఇంకో విషయం. ఈ చెక్‌లిస్టులో ప్రీ ప్రైమరీ, ప్రైమరీ, సెకండరీ, ప్రీ వొకేషనల్ అని స్థాయిలు ఉంటాయి. ఒక స్థాయిలో 80 శాతం వస్తే పై స్థాయికి పంపుతారు. పైకి వెళ్లాక జాబితా మొత్తం కొత్తది, కష్టమైనది. అందుకే ఆ ఏడాది శాతం పడిపోతుంది. అది చూసి పిల్లవాడు వెనక్కి వెళ్లాడని ఏడ్చిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ఈ మూడేళ్లలో మీ బాబు స్థాయి మార్చారేమో కనుక్కోండి.

చదువు 20 దగ్గరే ఎందుకు ఆగిందో మాత్రం గట్టిగా అడగండి. లక్ష్యం ఎలా రాశారో చూడండి. "రంగులు గుర్తిస్తాడు" అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. "మూడు రంగుల కార్డులు ముందు పెట్టి ఎర్రది ఇవ్వు అంటే ఐదుసార్లలో నాలుగుసార్లు ఇస్తాడు" అని రాస్తే ఎవరు చూసినా ఒకే జవాబు వస్తుంది. ఏడాది మొదట్లో ఐదుసార్లలో ఒకసారి ఇచ్చాడా, అసలు ఇవ్వలేదా అన్నది కూడా అక్కడే రాసి ఉండాలి. మొదలు తెలియకపోతే పెరుగుదల ఎంతో ఎలా తెలుస్తుంది? అసలు ఆ వయసుకి రంగుల కార్డులు అవసరమా అన్నది కూడా చూడాలి. పది రూపాయల నోటు గుర్తుపట్టడం, తన పేరు ఎక్కడున్నా చదవడం, అమ్మ ఫోన్ నంబరు చెప్పడం, ఇవీ చదువు కిందికే వస్తాయి. పదకొండేళ్ల పిల్లవాడికి నేనైతే వీటినే ముందు పెడతాను.

ఒక్కమాట, ఐక్యూ మళ్లీ తీయించి పోల్చి చూద్దాం అని ఎవరైనా అంటే వద్దనండి. అది వైకల్య సర్టిఫికెట్‌కి పనికొస్తుంది, మీ వాడు ఈ ఏడాది ఏం నేర్చుకున్నాడో దాంతో తెలియదు.

విశాఖ_నాన్న

టీచర్ గారు చెప్పింది కరెక్టే. కానీ అమ్మా, స్కూల్ వాళ్లని మరీ తేలిగ్గా వదలకండి. మా పాపకి పదిహేడేళ్లు. ముందున్న స్కూల్‌లో రెండేళ్ల ప్లాన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేదీ తప్ప అక్షరం మారలేదు. అడిగితే "ఈ పిల్లలు ఇంతే సార్" అన్నారు. ఆ మాట విన్నాక అక్కడ ఉంచలేదు.

ఇప్పుడున్న స్కూల్‌లో బేసిక్ ఎంఆర్ అని ఇంకో చెక్‌లిస్టు వాడతారు. అందులో సొంతంగా చేస్తే 5, సైగకి 4, మాటకి 3, చేయి పట్టి చేయిస్తే 2, పూర్తిగా మనమే చేస్తే 1. మీ బాబు చొక్కా విషయం దీంట్లో అయితే 2 నుంచి 3 అయ్యేది, రిపోర్టులో కనిపించేది. మీ స్కూల్ ఏ చెక్‌లిస్టు వాడినా, సహాయం ఎంత తగ్గిందో విడిగా ఒక వరుస రాసివ్వమని అడగొచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో ప్రతి విద్యార్థి ప్రగతిని గమనిస్తూ ఉండాలని రాసి ఉంది. గొడవకి కాదు, మనం అడగడం తప్పు కాదని తెలియడానికి చెప్తున్నా.

ఇంట్లో ఒక పని చేయండి. నెలకోసారి ఒకే పని, ఒకే చోట, మీరేమీ చెప్పకుండా ఫోన్‌లో వీడియో తీయండి. మా పాప అన్నం వడ్డించుకోవడం అలాగే తీస్తున్నాం. మా నాన్నగారు ఏ రిపోర్టూ నమ్మలేదు, ఆ వీడియోలు వరసగా చూపిస్తే నమ్మారు.

డాలస్_స్వప్న

ఇక్కడ అమెరికాలో ఐఈపీ, అంటే ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే చదువు ప్లాన్, దాని మీద మీటింగ్ కనీసం ఏడాదికోసారి పెట్టాలి, తల్లిదండ్రులు కూర్చోవాలి. మా అబ్బాయికి ఆటిజం. నేను నేర్చుకున్నది ఒకటే, స్కూల్‌లో చేసింది ఇంట్లో చేస్తాడా అని అడుగుతూ ఉండాలి. స్కూల్ సింక్ దగ్గర చేతులు కడుక్కుంటాడు, ఇంట్లో కుళాయి వేరే రకం కాబట్టి నిలబడిపోతాడు. రెండు చోట్లా, ఇద్దరు వేరువేరు మనుషులతో చేస్తేనే వచ్చినట్టు రాయమన్నాను.

స్పెషల్_టీచర్_గుంటూరు

స్వప్న గారు చెప్పింది చాలా ముఖ్యం. దానికి ఇంకోటి కలుపుతాను. వేసవి సెలవుల తర్వాత మొదటి వారం మళ్లీ చూడాలి. సెలవుల్లో పోయిందంటే ఇంకా గట్టిపడలేదని అర్థం.

విశాఖ అన్నయ్య గారూ, "ఈ పిల్లలు ఇంతే" అనే మాట మా వృత్తిలో ఎవరూ అనకూడదు. అయితే టీచర్ వైపు కూడా కొంచెం చూడండి. చాలాచోట్ల క్లాసులో ఎనిమిది మంది, పది మంది ఉంటారు, ఒక్కొక్కరికీ విడి ప్లాను. రాసే టైమ్ ఉండదు. పాతది దించేయడం అక్కడే మొదలవుతుంది. అది సమర్థించేది కాదు. అందుకే లక్ష్యాలు తక్కువ పెట్టమని అంటాను.

బాబు_అమ్మ_ఖమ్మం

మీటింగ్ అయింది. అసలు పుస్తకం అడిగితే మేడం గారు వెంటనే తెచ్చి చూపించారు, ఫొటోలు తీసుకోనిచ్చారు. వ్యక్తిగతంలో చేయి పట్టి చేయించేవి చాలా వరకు ఇప్పుడు మాటతో చేసేవి అయ్యాయి! బట్టలు విప్పడం, పళ్లు తోముకోవడం, కంచం తీసి పెట్టడం. మా ఆయన కూర్చుని ఒక్కోటి వేలు పెట్టి చదివారు. చదువులో మాత్రం నిజంగానే ఏమీ లేదు. అంకెలు, రంగులే మూడేళ్లుగా ఉన్నాయి. మార్చడానికి ఒప్పుకున్నారు, మీరేం కావాలో చెప్పండి అన్నారు. స్కూల్ మార్చడం ఇప్పటికి ఆపాం. వచ్చే మూడు నెలలకి రెండే లక్ష్యాలు పెట్టుకోమంటే ఏవి పెట్టాలి టీచర్ గారూ? పది రూపాయల నోటు ఒకటి అనుకుంటున్నాం.

స్పెషల్_టీచర్_గుంటూరు

నోటు మంచిదే. పది, ఇరవై రెండే పెట్టండి, అసలు నోట్లే వాడండి. బొమ్మ నోట్లు వద్దు. ఐదుసార్లలో నాలుగుసార్లు పది తీసి ఇవ్వాలి, ఇంట్లో మీకు, వీధి చివర కొట్లో కొట్టాయనకి. రెండోది, మీరు ఇప్పటికే మొదలుపెట్టిన చొక్కానే. ఈసారి నోటితో చెప్పకండి. స్నానాల గది తలుపు దగ్గర టవల్ చేతికిచ్చి పది లెక్కపెట్టే దాకా ఆగండి. విప్పితే ప్లస్, లేకపోతే చొక్కా వైపు వేలు చూపించండి, అంతే. రెండూ క్యాలెండర్ మీద రోజూ గుర్తు వేసి, నెలాఖరుకి ఆ పేజీ ఫొటో మేడం గారికి పంపండి. ఆవిడ షీటు, మీ పేజీ పక్కపక్కన పెడితే ఎక్కడ తేడా ఉందో ఇద్దరికీ తెలుస్తుంది.