స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడికి హైదరాబాద్‌లో అద్దె గది ఎలా?

తమ్ముడికి 34 ఏళ్లు. స్కిజోఫ్రీనియాకు రోజూ రాత్రి మందు వేసుకుంటాడు, రెండేళ్లుగా ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు. మందు వేసుకోగానే గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుడతాడు. సొంత గదిలో ఉన్నన్నాళ్లూ పదికల్లా పడుకునేవాడు.

మార్చిలో ఇంటి ఓనర్ మందుల స్ట్రిప్ చూసి పది రోజుల్లో ఖాళీ చేయమన్నారు. అప్పటి నుంచి నలుగురుండే హాస్టల్ గదిలో ఉంటున్నాడు. రాత్రి ఒంటిగంట దాకా లైటు వెలుగుతూనే ఉంటుంది. మూడు వారాలుగా నిద్ర సరిగా లేదు, చెవిలో మాటలు మళ్లీ మొదలయ్యాయి. డాక్టర్ మోతాదు పెంచారు గానీ, ముందు ప్రశాంతమైన చోటు చూడమన్నారు. నాదీ అదే టెన్షన్.

పదకొండు ఇళ్లు చూశాను. ఒకచోట జబ్బు సంగతి నిజం చెబితే అడ్వాన్స్ తిరిగిచ్చేశారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే ఓపిగ్గా విన్నారు, ఇల్లు మాత్రం వాళ్ల చేతిలో లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 19వ సెక్షన్ సమాజంలో కలిసి బతికే హక్కు ఇచ్చింది. హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు ఉండే చోట్లు), గ్రూప్ హోమ్‌ల (ఇలాంటివాళ్లు కొందరు కలిసి ఉండే ఇళ్లు) ఏర్పాటు ప్రభుత్వ బాధ్యతని కూడా అందులోనే ఉంది. నేను అడిగిన రెండు చోట్లా ఖాళీ లేదన్నారు.

నెలకు ఏడు వేల లోపు, జబ్బు సంగతి తెలిసే ఇచ్చిన గది గానీ గ్రూప్ హోమ్ గానీ హైదరాబాద్‌లో మీ ఇంట్లోవాళ్లకు ఎవరికైనా దొరికిందా, ఎవరిని అడిగితే దొరికింది?